కంచె మీద తోటకూర

ఇద్దరు డాక్టర్లు, ఒకే సోమవారం.
గుండె డాక్టరు ఉప్పు వద్దన్నాడు.
షుగరు డాక్టరమ్మ అన్నం తగ్గించమంది.
క్లేటన్ ఆసుపత్రి బయట బెంచీ మీద కూచుని లెక్కేశాను:
కంచంలోంచి అన్నం తీసేసి
ఆవకాయలోంచి ఉప్పు తీసేస్తే
మిగిలేది కంచం.

పద్నాలుగేళ్లు ఓక్లీలో బస్సు నడిపాను.
ఎవరు ఏ స్టాపులో దిగుతారో కళ్లు మూసుకుని చెప్పగలను.
నా నోట్లోకి ఎక్కినవి ఎక్కడ దిగాయో మాత్రం
ఒక్కరోజూ అద్దంలో చూసుకోలేదు.
అర్ధరాత్రి పెట్రోలు బంకులో మాంసం పై,
డిపోలో ఎవరిదో పుట్టినరోజు కేకు,
ఇంటికొచ్చి, ఏమీ తినలేదు కదా అనుకుంటూ
పెరుగన్నం, నాలుగు చల్ల మిరపకాయలు.
ఎక్కినవాళ్లెవరూ దిగలేదు.
నరాల్లో నిలబడి కమ్మీ పట్టుకుని వేలాడుతున్నారు.
నవంబరులో ఒక మంగళవారం
బండి దానంతటదే ఆగింది.

స్టెంటు వేసి, స్టీరింగు తీసుకున్నారు.
మళ్లీ ఇస్తామన్నారులెండి, పరీక్షలయ్యాక.

మందాకిని వృద్ధుల హోములో వంట చేస్తుంది.
అరవైమందికి వండి వచ్చి
నాకు చప్పిడి పులుసు పెట్టింది.
"ఇది కూరా, గిన్నె కడిగిన నీళ్లా?" అన్నాను.
ఏమీ అనలేదు. అదే గిన్నెలోంచి తనూ వడ్డించుకుంది.
పొయ్యి వైపు చూశాను.
రెండో గిన్నె లేదు.
ఎన్నాళ్లనుంచి లేదో
అడగడానికి నోరు రాలేదు.

జనవరి ఎండలో పక్కింటి ఎవ్‌డోకియా
కంచె మీంచి ఒక కట్ట అందించింది.
"వ్లీతా" అంది.
మట్టి వేళ్లతో సహా, తోటకూర!
గ్రీసులో ఎక్కడో పుట్టిన ముసలమ్మ పెరట్లో
మా అమ్మ పులుసులో వేసే కాడలు.
ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకు రాదు,
ఇంగ్లీషు ఇద్దరికీ సగం సగం.
చూపుడువేలు ఎత్తి చూపించింది,
కొసన సూది గుచ్చిన చుక్కలు.
నేనూ నా వేలెత్తాను.
ఒకరికొకరు ఔటిచ్చుకున్న ఇద్దరు అంపైర్లలా
ఎండలో కాసేపు అలాగే నిలబడ్డాం.

"ఉప్పు?" అని అడిగాను.
తన చెట్టున ఒక నిమ్మకాయ తెంపి
నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

ఆ పూట పెసరపప్పులో తోటకూర,
వెల్లుల్లి దంచిన పోపు, రెండు పచ్చిమిరపకాయలు,
దించాక నిమ్మరసం.
నాలుక కాసేపు వెతుక్కుంది, అలిగింది,
నాలుగో ముద్దకి ఊరుకుంది.
ఇన్నాళ్లూ నా కంచంలో అన్నం పొలం, కూర గట్టు.
ఇప్పుడు కూరే పొలం.
అన్నం గట్టు మీద కూచుని
కాపలా కాస్తోంది పాపం, చిన్న గరిటెడు.

అబద్ధమెందుకు, ఒక రాత్రి రెండింటికి
దొంగలా వెళ్లి జాడీ మూత తీశాను.
మూత లోపల, నల్ల మార్కరుతో, మందాకిని రాత:
"ఆదివారం. ఒక్క ముక్క. ఊట కాదు."
ఆ రోజు గురువారం.
మంచినీళ్లు తాగి పడుకున్నాను.
ఆదివారం వచ్చేదాకా రోజులు లెక్కపెట్టడం
చిన్నప్పటి తరవాత ఇదే.

ఫిబ్రవరిలో బస్సు తిరిగిచ్చారు.
సీటు పక్కన టిఫిను డబ్బా,
అవసరం పడితే నాలుగు గ్లూకోజు బిళ్లలు.
మొదటి ట్రిప్పులో మూడో స్టాపు.
నల్ల గౌను, చక్రాల సంచి, ఎవ్‌డోకియా.
కార్డు తాకించి, వేలెత్తి,
"సిక్స్ పాయింట్ ఎయిట్!" అంది గెలిచినట్టు.
"సెవెన్ పాయింట్ వన్" ఒప్పుకున్నాను.
తల అడ్డంగా ఊపి, సంచిలోంచి
ఇంకో నిమ్మకాయ తీసి టిక్కెట్టు యంత్రం పక్కన పెట్టింది.

ఆమె కూచునేదాకా బండి కదపలేదు.
వెనక ఎవరో హారను కొట్టారు.
కొట్టనీ.